యోగా, పరుగు వేగం, ఎక్స్‌ప్లోజివ్ పవర్: నెల్లూరు, ప్రకాశం జిల్లాల క్రీడాకారులు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలోనూ, ఒంగోలు, కావలి, సింగరాయకొండ వంటి ఊళ్ల మైదానాల్లోనూ తెల్లవారుజామున సాధన చేసే స్ప్రింటర్లు, లాంగ్‌జంప్ చేసేవారు, కబడ్డీ ఆటగాళ్లు, పోలీసు ఈవెంట్లకు (కానిస్టేబుల్ నియామకాల్లోని దేహదారుఢ్య పరీక్షలకు) సిద్ధమయ్యే యువతీయువకులు, వారి తల్లిదండ్రులు, పీఈటీలు యోగా గురించి పదేపదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఆరోగ్యానికి, మనశ్శాంతికి యోగా ఎంత మంచిదో చెప్పే రచనలు చాలానే ఉన్నాయి కనుక ఇక్కడ వేగం, ఒక్కసారిగా వెలువడే బలం అనే రెండు విషయాలకే పరిమితమవుతాం.

యోగా చేస్తే పరుగు వేగం పెరుగుతుందా?

నేరుగా పెరగదు. పూర్తి వేగంతో చిన్న దూరాలు పరుగెత్తి మధ్యలో తగినంత విశ్రాంతి తీసుకోవడం, దూకడం, బరువులు ఎత్తడం అనే మూడు పనుల వల్లనే వేగం వస్తుంది. వాటికి బదులుగా చెప్పదగిన ఆసనం ఏదీ లేదు. అయితే ఆ మూడింటినీ శరీరం నెలల తరబడి తట్టుకోవాలంటే పరుగులో కాలు వెనక్కి పూర్తిగా చాచగలిగేలా తుంటి కీలు తెరుచుకోవాలి, నడుము ఊగిపోకుండా నిలవాలి, ఒంటికాలి మీద తూకం కుదరాలి, రాత్రి నిద్ర సరిగా పట్టాలి. యోగా ఉపయోగపడేది ఇక్కడే.

అదే యోగా వేళ తప్పితే వేగాన్ని తగ్గించగలదు కూడా. మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా అన్నది ఏ ఆసనం వేశారన్న దానికంటే దాన్ని ఎప్పుడు వేశారు, ఎంతసేపు నిలిపారు అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఎక్స్‌ప్లోజివ్ పవర్ అని కోచ్‌లు అనేది దేన్ని? ఒంట్లో బలం ఉంటే చాలదా?

చాలదు. ఒక కండరం తన పూర్తి బలాన్ని చూపడానికి సుమారు 0.3 సెకన్లు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. పూర్తి వేగంలో ఉన్న మేటి స్ప్రింటర్ పాదం నేలను తాకి ఉండేది 0.1 సెకను మాత్రమే. అంటే ఎంత బలం ఉందన్న దానికంటే, ఆ కాస్త వ్యవధిలో ఎంత బలాన్ని నేల మీదికి దించగలరన్నదే ముఖ్యం. దానినే ఎక్స్‌ప్లోజివ్ పవర్ అంటారు. లాంగ్‌జంప్‌లో టేకాఫ్ బోర్డు మీద పడే అడుగుకైనా, కబడ్డీలో గీత దగ్గరికి వెనుదిరిగే రైడర్ తొలి అడుగుకైనా ఇదే సూత్రం వర్తిస్తుంది.

ఇందులో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది, మెదడు నుంచి వచ్చే ఆజ్ఞకు వేగంగా సంకోచించే కండర తంతువులు ఎన్ని ఒకేసారి స్పందిస్తాయన్నది. రెండోది, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయుబంధకం, ముఖ్యంగా మడమ వెనక ఉండే అకిలిస్, సాగి వెంటనే తిరిగి ముడుచుకునేటప్పుడు ఎంత శక్తిని తిరిగి ఇస్తుందన్నది. మూడోది, మొదటి పది సెకన్ల శ్రమకు ప్రధాన ఇంధనమైన ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ. అది అయిపోయాక మళ్లీ నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. స్ప్రింట్‌కూ స్ప్రింట్‌కూ మధ్య అంత విశ్రాంతి ఇవ్వాలని కోచ్‌లు పట్టుబట్టేది అందుకే. ఆసనాలు నెమ్మదిగా, నిలకడగా సాగుతాయి కాబట్టి ఈ మూడింటిలో దేనికీ నేరుగా శిక్షణ ఇవ్వవు.

పరుగుకు ముందు ఆసనాలు వేస్తే నష్టమని కొందరు అంటారు. అది నిజమేనా?

ఎక్కువసేపు నిలిపే ఆసనాల విషయంలో నిజమే. ఈవెంట్లకు సాధన చేసే కుర్రాళ్లలో తరచుగా కనిపించే దృశ్యం ఒకటుంది. మైదానం చుట్టూ రెండు రౌండ్లు నెమ్మదిగా తిరిగి వచ్చి, గడ్డి మీద కాళ్లు చాపి కూర్చుని, పశ్చిమోత్తానాసనంలో నుదురు మోకాళ్లకు ఆనించి రెండు మూడు నిమిషాలు అలాగే ఉంటారు. తొడల వెనక లాగుడు తగ్గి హాయిగా అనిపించగానే లేచి, షూ లేసులు బిగించుకుని, నేరుగా 100 మీటర్ల గీత మీదికి వెళతారు. ఆ హాయి చూసి కండరం సిద్ధమైందని అనుకుంటారు. నిజానికి అది ఆ కాసేపు మందగించిన కండరం.

ఒక కండరాన్ని 60 సెకన్లకు పైగా సాగదీసి నిలిపితే, ఆ తర్వాత కొంతసేపటి వరకు దాని బలం, దూకే ఎత్తు, స్ప్రింట్ వేగం కొద్ది శాతం తగ్గుతాయని గత పాతికేళ్లలో వచ్చిన ఎన్నో పరిశోధనలు తేల్చాయి. 30 సెకన్ల లోపు నిలిపి, ఆ తర్వాత చురుకైన వార్మప్ చేస్తే నష్టం ఉండదు, ఉన్నా లెక్కలోకి రానంత స్వల్పం. 2000లో కెనడా పరిశోధకులు పిక్క కండరాన్ని మొత్తం 30 నిమిషాల పాటు సాగదీసి చూశారు. వెంటనే కొలిచినప్పుడు బలం నాలుగో వంతుకు పైగా తగ్గింది, గంట తర్వాత కూడా పూర్తిగా తిరిగి రాలేదు. అంతసేపు ఎవరూ సాగదీయరన్నది నిజమే గానీ, గంటసేపు యోగా క్లాసు చేసి నేరుగా స్ప్రింట్ సాధనకు వచ్చేవారు ఆ ఫలితాన్ని గుర్తుంచుకోవాలి.

దీనికి రెండు కారణాలు చెబుతారు. సాగదీసిన కండరానికి నాడీ వ్యవస్థ నుంచి అందే ఉత్తేజం కాసేపు తగ్గుతుంది. కండరమూ స్నాయుబంధకమూ కలిసి కాస్త వదులై, అడుగు నేలను తాకినప్పుడు బలం ఎముకకు చేరడంలో ఆలస్యం జరుగుతుంది. 0.1 సెకనులో ముగిసిపోయే పనికి ఆ ఆలస్యమే పెద్ద నష్టం.

అయితే ఒళ్లు బాగా వంగేవారు మంచి స్ప్రింటర్లు కాలేరా?

కాగలరు, కానీ అవసరానికి మించిన వంపు వేగానికి ఉపకరించదు. ఉండేలు రబ్బరు వదులుగా ఉంటే ఎంత వెనక్కి లాగినా రాయి దూరం పోదు. బిగువుగా ఉన్న రబ్బరును కొద్దిగా లాగినా చాలు. స్నాయుబంధకాలు చేసే పని కూడా అలాంటిదే.

స్ప్రింటర్‌కు కావలసిన వంపు ఎంతో ఆ పరుగే చెబుతుంది. ముందుకు వచ్చే మోకాలు తుంటి ఎత్తుకు లేవాలి, వెనక్కి వెళ్లే తొడ నడుమును వంచకుండా శరీరం వెనక్కి పోగలగాలి, చీలమండ కాస్త ముందుకు మడవగలగాలి. హనుమానాసనంలో రెండు కాళ్లూ నేలకు ఆనవలసిన అవసరం స్ప్రింటర్‌కు లేదు. హర్డిల్స్ చేసేవారికి, జిమ్నాస్ట్‌లకు లెక్క వేరు. పుట్టుకతోనే కీళ్లు వదులుగా ఉండి మోచేయి, మోకాలు వెనక్కి వంగిపోయేవారు ఇంకా వంగడం మీద దృష్టి పెట్టకుండా, ఆసనాన్ని బిగువుగా నిలపడం మీద దృష్టి పెట్టాలి.

మరి సూర్యనమస్కారాలతో వార్మప్ చేయవచ్చా?

చేయవచ్చు. పైగా అది చక్కటి పద్ధతి, ఎందుకంటే సూర్యనమస్కారంలో ఏ భంగిమలోనూ ఎక్కువసేపు ఆగనవసరం లేదు. శ్వాసకు ఒక కదలిక చొప్పున, ఆగకుండా సాగాలి. నాలుగైదు నిమిషాలు నడక, నెమ్మది పరుగు కలిపి చేశాక నాలుగు నుంచి ఆరు సూర్యనమస్కారాలు చేసి, తర్వాత కాళ్లు ముందుకీ వెనక్కీ, పక్కలకూ ఊపడం, మోకాళ్లు తుంటి ఎత్తుకు లేపుతూ పరుగెత్తే హై నీస్, స్కిప్పింగ్ వంటి డ్రిల్స్, ఆపైన 60 మీటర్ల దూరాన్ని క్రమంగా వేగం పెంచుతూ మూడు నాలుగు సార్లు పరుగెత్తడం అనే వరుసను పాటిస్తే వార్మప్ పూర్తవుతుంది. ఈ వరుసలో సూర్యనమస్కారం మధ్యలో ఉండటమే సరైనది. దానితోనే వార్మప్ ముగించి గీత మీదికి వెళితే కాళ్లకు వేగం ఇంకా అలవాటు కాదు.

అశ్వసంచలనాసనంలో, అధోముఖ శ్వానాసనంలో ఆగి ఫోటోకు నిలబడినట్లు ఉండిపోవడం చాలామందికి అలవాటు. వార్మప్‌లో అది వద్దు.

పోలీసు ఈవెంట్లకు సాధన చేసేవారు యోగాను ఎలా వాడుకోవాలి?

2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం పురుషులు 1600 మీటర్లను 8 నిమిషాల్లో, 100 మీటర్లను 15 సెకన్లలో పూర్తిచేయాలి, లాంగ్‌జంప్ 3.80 మీటర్లు దూకాలి. మహిళలకు అవి 10 నిమిషాల 30 సెకన్లు, 18 సెకన్లు, 2.75 మీటర్లు. 1600 మీటర్లు తప్పనిసరి, మిగతా రెండింటిలో ఒకటి నెగ్గాలి. మీరు దరఖాస్తు చేసే నోటిఫికేషన్‌లో కొలతలు మారి ఉండవచ్చు కాబట్టి అందులోనే చూసుకోవాలి.

ఈ కొలతలు ప్రపంచ స్థాయివి కావు. క్రమం తప్పని సాధనతో చాలామంది అందుకోగలరు. సాధన మధ్యలో తొడ వెనక కండరం పట్టేసి మూడు నాలుగు వారాలు మైదానానికి దూరమవడం వల్లనే ఎక్కువమంది వెనకబడిపోతారని నా నమ్మకం. నోటిఫికేషన్ వచ్చాక హడావిడిగా మొదలుపెట్టి రోజూ 1600 మీటర్లు పరుగెత్తేవారికి పిక్కలు, తుంటి ముందు భాగం బిగుసుకుపోవడం సహజం. అలాంటివారికి సాధన ముగిశాక సాయంత్రం 20 నిమిషాల యోగా నిజంగా మేలు చేస్తుంది. ఈవెంట్ల రోజు ఉదయం మాత్రం కొత్తగా ఏదీ చేయకూడదు. 1600 మీటర్లయ్యాక 100 మీటర్లకు లేదా లాంగ్‌జంప్‌కు ఎదురుచూసే సమయంలో చాలామంది కూర్చుని కాళ్లు సాగదీస్తూ ఉంటారు. ఆ సమయంలో నెమ్మదిగా నడుస్తూ, మధ్యమధ్య కాళ్లు ఊపుతూ, ఒంటి వేడి తగ్గకుండా చూసుకోవడం మంచిది.

కబడ్డీలో కూతకు, రైడ్‌కు ప్రాణాయామం ఉపయోగపడుతుందా?

కూతకు ఉపయోగపడుతుంది. రైడర్‌కు ఉండేది 30 సెకన్లు. ఆ వ్యవధిలో ఒకే శ్వాస మీద కూత తెగకుండా, అలుపు పైకి కనబడకుండా, ఎదుటివారి కదలికలను గమనిస్తూ ఉండాలి. ఊపిరిని నెమ్మదిగా, సమంగా వదలడం నేర్చుకున్నవాడికి చివరి ఐదారు సెకన్లలో కంగారు తగ్గుతుంది. నాడీశోధన, భ్రామరి వంటి పద్ధతుల్లో నిశ్వాసను క్రమంగా పొడిగించే సాధన ఇందుకు బాగా పనికొస్తుంది. భ్రామరిలో గొంతు నుంచి నాదం చేస్తూ ఊపిరి వదలాలి కనుక కూతకు అది మరీ దగ్గరి సాధన.

ఇక రైడ్‌లోని మెరుపు కదలిక, అంటే బోనస్ పాయింట్ కోసం కాలు చాచి తక్షణం వెనక్కి రావడం, ప్రాణాయామంతో రాదు. దానికి గజ్జల్లో బలం, పక్కకు దూకే సాధన కావాలి. ఆసనాల్లో బద్ధకోణాసనం, ఉపవిష్టకోణాసనం గజ్జలను సాగదీస్తాయి; సాగిన ఆ స్థితిలో కండరం బలంగా ఉండాలంటే ఒక కాలు పక్కకు వేసి ఆ మోకాలు వంచే సైడ్ లంజ్‌ల వంటి వ్యాయామాలను తప్పక జోడించాలి. సాగదీయడం ఒక్కటే చేసి బలం పెంచని రైడర్‌కు గజ్జ గాయం పొంచి ఉంటుంది.

ప్రాణాయామం వల్ల రియాక్షన్ టైమ్ తగ్గుతుందని విన్నాం. అందులో ఆధారం ఉందా?

ఉంది. పాండిచ్చేరిలోని జిప్‌మర్ వైద్య పరిశోధకులు ఈ విషయం మీద చాలాకాలం పనిచేశారు. 1992లో వారు ప్రచురించిన అధ్యయనంలో 12 వారాల యోగా శిక్షణ తర్వాత విద్యార్థుల్లో వెలుగుకూ శబ్దానికీ స్పందించే సమయం తగ్గింది. 2003లో 22 మంది పాఠశాల బాలురపై చేసిన మరో అధ్యయనంలో ముఖభస్త్రిక చేసిన వెంటనే స్పందన సమయం తగ్గినట్లు తేలింది.

ఈ ఫలితాన్ని ఉన్నంత మేరకే తీసుకోవాలి. అక్కడ కొలిచింది శబ్దం విన్నా వెలుగు చూసినా మీట నొక్కే సమయాన్ని. పరుగు మొదట్లో పాదాలు ఆనించే స్టార్టింగ్ బ్లాక్స్ నుంచి దేహమంతటినీ ముందుకు తోసే సమయాన్ని కాదు. అదీగాక పరుగులో రియాక్షన్ వాటా చాలా చిన్నది. 2009లో బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తినప్పుడు ఆయన రియాక్షన్ టైమ్ 0.146 సెకన్లు; 0.1 సెకనులోపు కదిలితే ఫాల్స్ స్టార్ట్ అవుతుంది. అంటే ఎవరైనా ఇక్కడ సంపాదించుకోగలిగేది సెకనులో కొన్ని వందో వంతులే. స్ప్రింటర్‌కు అదీ విలువైనదే, కానీ మిగతా తొమ్మిది సెకన్ల సాధనను వదిలి దాని వెంట పడకూడదు.

ఒక హెచ్చరిక. భస్త్రిక, కపాలభాతి వంటి వేగవంతమైన శ్వాసక్రియలు చేసి వెంటనే చెరువులోనో, కాలువలోనో, మైపాడు, కొత్తపట్నం తీరాల్లో సముద్రంలోనో మునగడం ప్రాణాంతకం. వేగంగా ఊపిరి పీల్చి వదిలితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, దాంతో ఊపిరి ఆడడం లేదన్న హెచ్చరిక మెదడుకు అందకముందే నీళ్లలో స్పృహ తప్పవచ్చు. అధిక రక్తపోటు, హెర్నియా, మూర్ఛ ఉన్నవారు ఈ క్రియలను వైద్యుడిని అడగకుండా చేయకూడదు.

యోగా చేస్తే తొడ వెనక కండరం పట్టేయడం తగ్గుతుందా?

కొంతవరకు సహాయపడుతుంది, కానీ అది ఒక్కటే చాలదు. స్ప్రింట్‌లో ముందుకు దూసుకొచ్చే కాలిని నేలకు దించే ముందు తొడ వెనక కండరం సాగుతూనే బిగుసుకుని ఆపాలి. అప్పుడే అది చిరిగే ప్రమాదం ఎక్కువ. మెత్తగా సాగదీసే ఆసనంలో ఇంతటి బరువు దానిమీద ఎప్పుడూ పడదు. అందువల్ల మోకాళ్ల మీద నిలబడి, వెనక ఒకరు మడమలు పట్టుకోగా దేహాన్ని నెమ్మదిగా ముందుకు వాల్చే నార్డిక్ వ్యాయామాన్ని వారానికి ఒకటి రెండుసార్లు చేయాలి. దాన్ని క్రమం తప్పకుండా చేసిన జట్లలో ఈ గాయాలు దాదాపు సగానికి తగ్గినట్లు పరిశోధనలు చూపాయి. దీనికి జిమ్ అక్కర్లేదు, ఒక చాపా ఒక స్నేహితుడూ ఉంటే చాలు.

తొడ వెనక గాయాలతో పదేపదే ఇబ్బంది పడిన మాంచెస్టర్ యునైటెడ్ వింగర్ ర్యాన్ గిగ్స్ తన ఆట జీవితం 40 ఏళ్ల వయసు దాకా సాగడానికి యోగా తోడ్పడిందని చెప్పుకున్నాడు. బాస్కెట్‌బాల్‌లో కరీమ్ అబ్దుల్ జబ్బార్ 42 ఏళ్ల దాకా ఆడడానికి యోగానే ఒక కారణంగా చూపాడు. వారిద్దరూ యోగాతో పాటు తమ ఆట సాధన అంతా చేసినవారే అన్నది మరువకూడదు.

పిరుదు కింద, కూర్చుంటే తగిలే ఎముక దగ్గర నొప్పి మొదలైతే ముందుకు వంగే ఆసనాలన్నీ ఆపేయాలి. అక్కడి స్నాయుబంధకం వాచినప్పుడు సాగదీస్తే నొప్పి ఇంకా ముదురుతుంది. పట్టేసిందనుకుని మరింత లాగేవారే ఎక్కువ.

స్ప్రింటర్లు, జంపర్లు ఏ ఆసనాలు ఎంచుకోవాలి?

జాబితా పెద్దదిగా ఉండనవసరం లేదు. ఉన్న కొన్నింటిని సరిగా చేయాలి. నేను మొదట చూసేది ఆంజనేయాసనాన్ని. ఒక మోకాలు నేల మీద, మరొక పాదం ముందుకు పెట్టి తుంటి ముందు భాగాన్ని తెరవాలి. చాలామంది ఛాతీని వెనక్కి విరిచి, నడుమును లోపలికి వంచి, ఎంతో వంగినట్లు కనిపిస్తారు. అక్కడ సాగేది తుంటి కాదు, నడుమే. వెనక కాలి వైపు పిరుదును గట్టిగా బిగించి, బొడ్డు కింది భాగాన్ని కొద్దిగా పైకి లాగి పట్టుకుంటే వంపు సగానికి తగ్గుతుంది, తొడ ముందు పైభాగంలో లాగుడు మొదలవుతుంది. ఆ చిన్న వంపే పరుగులో కాలు వెనక్కి పోవడానికి అవసరమైనది.

రెండోది ఉత్కటాసనం. కుర్చీలో కూర్చున్నట్లు మోకాళ్లు వంచి నిలబడినప్పుడు మడమలు నేల నుంచి లేస్తున్నాయేమో పక్కనుంచి ఒకరు చూడాలి. లేస్తుంటే చీలమండ బిగుసుకుందని అర్థం, దాని మీద పనిచేయాలి. మూడోది వీరభద్రాసనం మూడో రూపం. ఒంటికాలి మీద నిలిచి దేహాన్ని నేలకు సమాంతరంగా చాచినప్పుడు తుంటి ఒక పక్కకు తిరిగిపోకుండా ఆపగలిగితే పరుగులో అడుగు పడ్డప్పుడు కూడా నడుము కుంగదు. వీటికి సేతుబంధాసనం, శలభాసనం, ఫలకాసనం చేర్చుకుంటే వెన్ను, పిరుదులు, పొట్ట బలపడతాయి.

అమెరికాలో కాలేజీ క్రీడాకారులపై 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో 10 వారాల పాటు వారానికి రెండుసార్లు యోగా చేసిన ఆటగాళ్లకు వంపు, శరీర తూకం రెండూ మెరుగయ్యాయి. యోగా చేసినవారు, చేయనివారు కలిపి 26 మందే కనుక దాన్ని పెద్ద రుజువుగా చెప్పలేము గానీ, యోగాతో ఆశించదగినవి ఏవో అది చూపుతుంది.

వారంలో ఎన్నిసార్లు, ఏ వేళ చేయాలి?

వేగానికి సంబంధించిన సాధన ఉన్న రోజు ఉదయం ఎక్కువసేపు నిలిపే ఆసనాలు వద్దు. అవే ఆసనాలను సాయంత్రమో, విశ్రాంతి రోజునో 20 నుంచి 40 నిమిషాలు చేసుకోవచ్చు. వారానికి రెండు మూడుసార్లు చాలు. పోటీకి ముందు రెండు రోజులు ఎప్పుడూ చేసే తేలికపాటివి తప్ప కొత్తవి ప్రయత్నించకూడదు. నిద్రకు ముందు పది నిమిషాలు నిమిషానికి ఆరు శ్వాసల చొప్పున నెమ్మదిగా ఊపిరి తీసుకుని శవాసనంలో విశ్రమిస్తే గుండె వేగం తగ్గి నిద్ర త్వరగా పడుతుంది. కోలుకోవడానికి నిద్రను మించిన మందు లేదు.

మన జిల్లాల ఎండలో ఏమైనా మార్పులు చేసుకోవాలా?

ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె దాటేదాకా వేగ సాధనను ఉదయం ఏడులోపే ముగించాలి. వేడికి కండరాలు త్వరగా సిద్ధమవుతాయి కాబట్టి వార్మప్‌ను కుదించుకోవచ్చు, నీళ్లు, ఉప్పు చిటికెడు వేసిన మజ్జిగ దగ్గర పెట్టుకోవాలి. వేడికి ఒళ్లు మామూలు కంటే ఎక్కువ వంగుతుంది, ఆ రోజుల్లో మరింత లోతుకు వంగాలని ప్రయత్నించకండి.

యోగా వల్ల నా వేగానికి మేలు జరుగుతోందో లేదో ఎలా తెలుసుకోవాలి?

కొలవాలి. యోగా మొదలుపెట్టే ముందు వారంలో, బాగా విశ్రాంతి తీసుకున్న రోజున, ఒకే వార్మప్ చేసి మూడింటిని నోటు పుస్తకంలో రాసుకోవాలి. ఒకటి, నిలబడిన చోటి నుంచి రెండు కాళ్లతో ముందుకు దూకిన దూరం, మూడు ప్రయత్నాల్లో మేటిది, టేపుతో కొలిచింది. రెండు, 30 మీటర్ల స్ప్రింట్. చేతి వాచీతో కొలిస్తే 0.1 సెకను దాకా తేడా రావడం మామూలే కనుక ప్రతిసారీ ఒకే మనిషి కొలవాలి, లేదా ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి లెక్కించాలి. మూడు, ఆ నెలలో నొప్పి వల్ల మానేసిన సాధనలు ఎన్ని అన్నది.

ఎనిమిది నుంచి పది వారాల తర్వాత అదే వేళకు, అదే మైదానంలో, అవే షూ వేసుకుని మళ్లీ కొలవాలి. దూకిన దూరం, స్ప్రింట్ సమయం ఉన్నచోటే ఉండి, మానేసిన సాధనలు తగ్గితే యోగా తన పని తాను చేస్తోందని అర్థం. పరుగు సాధనకు పెట్టిన సమయం పెరిగింది కాబట్టి వేగం రావలసింది ఇక అక్కడినుంచే. దూకిన దూరం తగ్గితే మొదట చూడవలసింది వేళను: సాధనకు ముందు ఎక్కువసేపు ఆసనాలు నిలుపుతున్నారేమో గమనించి, వాటిని సాయంత్రానికి మార్చి, మూడు వారాల తర్వాత మళ్లీ కొలవండి.